మీసం నిబంధన

అమెరికాలో తెలుగువాళ్ళు ఎవరినైనా చూసి గర్వపడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఇష్టమొచ్చినట్టు గర్వపడుతున్నారు.

మా నేపర్‌విల్ తెలుగు సంఘంలో ఇందుకోసం పన్నెండుగురితో ఒక ఉపసంఘం ఉంది. నేను కార్యదర్శిని. (మా ఆవిడ పోయాక శనివారాలు ఏం చేస్తాడులే అని జాలిపడి ఇచ్చారు. ప్రతి మీటింగ్‌కీ ఉప్మా ఉంటుంది.) స్పెల్లింగ్ పోటీల్లో గెలిచిన పిల్లలకు గర్వం ఆటోమేటిక్‌గా మంజూరవుతుంది. డాక్టర్లకు రెండు సంతకాలు చాలు.

చిక్కంతా గిరిజ గారబ్బాయి సాయి తేజతో వచ్చింది. మగవాళ్ళు ఆడవేషం కట్టి పోటీపడే డ్రాగ్ షో ఒకటి టీవీలో వస్తోంది. అందులో అతను 'మిస్ గోంగూర'. పోయిన శనివారం డాన్స్ రౌండ్. మిగిలిన ఇద్దరిలో ఎవరు నిలవాలో, ఎవరు ఇంటికెళ్ళాలో ప్రేక్షకులే యాప్‌లో ఓటేసి తేల్చాలి. గడువు అరగంట. గర్వపడకుండా ఓటేయడం మా నియమావళికి విరుద్ధం కనుక, ఉపసంఘం గిరిజ గారింట్లోనే, టీవీ ముందే అత్యవసరంగా సమావేశమైంది.

ఎదుటి పోటీదారు ఆరుసార్లు వెల్లకిలా నేల మీద పడింది. (ఆ షోలో అది గొప్ప విద్య.) సాయి తేజ పట్టుచీరలో, ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి కూచిపూడి ఆడాడు. కుచ్చిళ్ళలో ఒక్క మడత చెదరలేదు. ముప్పై ఏళ్ళు మా ఆవిడ కుచ్చిళ్ళు కింద కూర్చుని సర్దినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

అధ్యక్షులు విశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు. "పిల్లాడు బాగున్నాడండీ. అదే ప్రాబ్లం."

ఏడో నిబంధన ప్రకారం మగవాడు చీర కట్టవచ్చు, కాని చూసినవాళ్ళకు నవ్వు రావాలి. చూడముచ్చటగా ఉండరాదు. మా ఉగాది స్కిట్లన్నీ ఈ నిబంధన కిందే నడుస్తాయి.

గిరిజ గారు కాఫీలు అందిస్తూ నెమ్మదిగానే అడిగారు. "మొన్న ఉగాదికి మీరు కట్టింది నా చీరే కదా అన్నయ్యగారూ?"

"నాకు మీసం ఉందమ్మా," అన్నారాయన.

మీసం ఉంటే హాస్యం, లేకపోతే చర్చనీయాంశం అని రాసుకున్నాను. ఈలోగా వరంగల్ జితేందర్ లేచి, తమవైపు దాన్ని పుంటికూర అంటారని, గోంగూర అనడం ఒక ప్రాంతానికే పెద్దపీట వేసినట్టుందని అభ్యంతరం చెప్పాడు. 'మిస్ గోంగూర అలియాస్ పుంటికూర' అన్న సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది. దానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

గిరిజ గారు నా దగ్గరికొచ్చి అడిగారు. "మీరైనా వేశారా అన్నయ్యా?"

మినిట్స్ రాయడం అవ్వగానే వేస్తానన్నాను. ఆవిడ కాఫీ ట్రే నావైపు తిప్పారు. నాకు మాత్రం గుర్తుపెట్టుకుని చక్కెర లేని కాఫీ ఇచ్చారు.

నా మినిట్స్ పూర్తయ్యేసరికి గడువు దాటింది. సాయి తేజ పదకొండు ఓట్ల తేడాతో ఇంటికొచ్చేశాడు. మర్నాడు ఉదయం ఉపసంఘం మళ్ళీ సమావేశమై, అతన్ని చూసి ఏకగ్రీవంగా గర్వపడింది.

హాజరైనవారు: పన్నెండుగురు.