మడతపెట్టే ట్యాంకులు

ఆ ఉదయం పెద్ద గుమాస్తా పెట్టుకున్న పని చిన్నదే. సైన్యానికి పది యుద్ధ ట్యాంకులు కొనే టెండరు పన్నెండింటికల్లా పంపేసి, భార్యను కళ్ళజోడు దుకాణానికి తీసుకెళ్ళాలి. రక్షణ కొనుగోళ్ళ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఆయన పద్ధతి ఒక్కటే: పాత ఫైలు తీయడం, పైన వస్తువు పేరు మార్చడం, కింద షరతులు మక్కీకి మక్కీ దించడం. ఆరోజు తొందరలో చేతికొచ్చిన ఫైలు గుడారాలది.

దాంతో ట్యాంకులకు షరతులు ఇలా వెళ్ళాయి: ఆకుపచ్చగా ఉండాలి, వానకు తడవకూడదు, మడతపెట్టగలగాలి, ఇద్దరు మనుషులు మోయగలగాలి.

అసలు ట్యాంకుల కంపెనీలన్నీ నోరెళ్ళబెట్టి తప్పుకున్నాయి. మిగిలింది ఒక్కటే, అది గాలిబుడగల కంపెనీ.

"మడతపెట్టే ట్యాంకా! సైన్సు ఎంత ఎదిగిపోయిందయ్యా!" అని డైరెక్టరు మురిసిపోయాడు. బడ్జెట్టుకు సగం కోత పడ్డ ఏడాది కావడంతో, ధర చూసి ఇంకా మురిసిపోయి సంతకం పెట్టేశాడు.

రెండు నెలలకు పది ట్యాంకులూ ఒకే ఆటోలో వచ్చాయి. పది సంచులు, ఒక పంపు. ఒక సంచి విప్పి చూసిన గుమాస్తా, టెండరు ఫైలు తీసి తన పొరపాటు కనిపెట్టి, డైరెక్టరు దగ్గరికి పరిగెత్తాడు. రిటైర్మెంటుకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

"సార్, ఇవి మరీ..."

"తేలిగ్గా ఉన్నాయి, అంతేగా? మనం అడిగిందే అది!" అంటూ డైరెక్టరు సంచులను సరిహద్దుకు పంపించేశాడు.

"పెన్షను పోయినట్టేనే," అంటూ గుమాస్తా ఇంట్లో కూలబడ్డాడు.

"ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. దాచుకుంటే బీపీ పెరగడం తప్ప ఏమొస్తుంది?" అంది భార్య.

వారం తిరక్కుండానే సరిహద్దు నుంచి కల్నలు స్వయంగా వచ్చాడు. గుమాస్తా లేచి నిలబడి, "తప్పు నాదేనండీ. గుడారాల కాగితం చూసి రాసేశాను. డైరెక్టరుగారికి ఏమీ తెలీదు," అని గడగడా ఒప్పేసుకున్నాడు.

కల్నలు తలుపు దగ్గరగా వేశాడు. "మెల్లగా అనండి బాబూ! పోయిన నెల గాలివానకి అవతలివాళ్ళ ట్యాంకు ఒకటి ఎగిరొచ్చి మా వంటగది మీద పడింది. వాళ్ళవీ గాలివే! మీరెక్కడ నిజమైనవి పంపుతారో, వాళ్ళెక్కడ హడలిపోయి యుద్ధానికి దిగుతారో అని నాకు నిద్ర లేదు. ఇప్పుడు రెండువైపులా హాయిగా ఉన్నాం."

సరుకు సంతృప్తికరమని సంతకం చేసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గుమాస్తాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

"మరి ఇంత దూరం దేనికొచ్చారండీ?"

"కట్టేసుకోడానికి తాళ్ళు కావాలి. ట్యాంకుకి నాలుగు చొప్పున నలభై."

గుమాస్తా ఆ పూటే ఫైలు పెట్టాడు; ఖర్చు ఎక్కువని ఆర్థిక శాఖ పదిహేనుకు తగ్గించింది.