కుళాయి ఉంటే క్యాంపింగ్ కాదట

మా వంటింట్లో కుళాయి లేకుండా నలభై ఒక్క రోజులు గడిచాయి. ఈ మాట వింటే మీరు అయ్యో పాపం అంటారని తెలుసు. మా ఆయన మాత్రం దీనికి చప్పట్లు కొట్టించుకుందామనుకున్నారు.

మొదట్నుంచీ చెప్తాను. పాత సింకు పీకించి కొత్తది పెట్టిద్దామన్న ఆలోచన ఆయనదే. ఆయనకు ఆలోచనలు ఆదివారం పొద్దున వస్తాయి. వాటి ఫలితాలు సోమవారం నుంచి శనివారం దాకా నాకు వస్తాయి. ప్లంబరు వచ్చాడు, గట్టు పగలగొట్టాడు, గొట్టం కోసి మూత బిగించాడు, "రేపొచ్చి పని ముగించేస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ రేపు రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపేనమ్మా" అనేవాడు. దాంతో అతనికి మా ఇంట్లో రేపటాయన అన్న పేరు స్థిరపడిపోయింది.

వంట వెనక బాల్కనీలోకి మారింది. ఒంటి బర్నరు గ్యాసు పొయ్యి, కూర్చోడానికి ముక్కాలి పీట, వానకి అడ్డంగా నీలం టార్పాలిన్ పట్టా. నీళ్ళు స్నానాల గదిలోంచి మోసుకోవాలి. అక్కణ్ణించి బాల్కనీకి ఇరవై రెండు అడుగులు. రోజుకు పధ్నాలుగు బకెట్లు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఎందుకు చదివానా అని చాలాకాలం అనుకునేదాన్ని. ఇందుకన్నమాట.

సరిగ్గా సింకు పీకిన రోజుల్లోనే ఈయన ఆఫీసులో క్యాంపింగ్ బృందం ఒకటి తయారైంది. దానికి పెద్ద, రికార్డుల విభాగంలో రిటైరైన ఒకాయన. ఏటా పదిరోజులు కొండల్లో ఒంటరిగా ఉండొస్తారు కాబట్టి అందరూ ఆయన్ని అడవి పెద్దాయన అంటారు. బృందం పుట్టిన వారానికే రెండుగా చీలింది. గాలి పరుపు, బ్యాటరీ ఫ్యాను, వేడినీళ్ళ కెటిలు పట్టుకెళ్తే అది క్యాంపింగ్ అవుతుందా, కాదా? అదీ గొడవ.

మా ఆయన 'కాదు' పార్టీ. ఆ సంగతి ఆయన మా హాల్లో వేసిన గుడారంలో, గాలి పరుపు మీద పడుకుని, మెడకు తగిలించుకున్న బుల్లి ఫ్యాను తిప్పుకుంటూ చెప్పేవారు. 'అలవాటు కోసం' వేసిన గుడారం. టీవీ కనిపించేలా దాని గుమ్మం తిప్పుకున్నారు.

"కుళాయి ఉంది చూశావూ, మనిషిని పాడుచేసింది అదే" అన్నారొకరోజు లోపల్నుంచి.

"అయితే ఈ ఇంట్లో బాగుపడేదాన్ని నేనొక్కదాన్నేనన్నమాట" అన్నాను బకెట్టుతో వెళ్తూ.

"వెటకారం కాదోయ్. నీళ్ళు మోసుకుని, నిప్పు రాజేసుకుని, వండుకు తింటేనే నిజమైన క్యాంపింగ్. ఒక్క సౌకర్యం చేరిందా, అది పిక్నిక్కే."

"మరి మీ గుడారంలో ఫోన్ ఛార్జరుందే?"

"అది భద్రత కోసం."

"రెండు దిళ్ళు?"

"మెడనొప్పి."

"బిస్కెట్ల డబ్బా?"

"అత్యవసర నిల్వ" అన్నారు, నములుతూ.

ఆ రోజుల్లోనే ఈయనకు నా మీద ప్రేమ పొంగుకొచ్చింది. ముందు గ్యాసు పొయ్యి మీద పడింది ఆ ప్రేమ. "బాల్కనీలో గాలికి మంట ఎటు తిరుగుతుందో ఏమో, ఆఫీసులో కూర్చున్నా నాకు భయంగానే ఉంటోంది" అని పొయ్యి తీసి మంచం కిందకి తోసి, నాలుగు ఇటుకలూ ఒక బొగ్గుల సంచీ తెచ్చిపెట్టారు.

వారం తిరక్కుండా పీట పోయింది. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళకి మంచిదట. ఆ తర్వాత బల్బు పోయింది. వెలుగుకి పురుగులొస్తున్నాయట. చివరికి మిక్సీ కూడా అటకెక్కింది. "ఆ మోత నీ చెవులకు మంచిది కాదోయ్" అన్నారు.

పంతొమ్మిదేళ్ళుగా నా మాట చెవిన పెట్టని మనిషి నా చెవుల గురించి ఆలోచిస్తుంటే కళ్ళు చెమర్చాయి. అది బొగ్గుల పొగ అని తర్వాత తెలిసింది.

"అమ్మా, నాన్న నిన్ను మెల్లిగా రాతియుగంలోకి తీసుకెళ్తున్నారు" అంది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి.

"మీ నాన్న ఎప్పట్నుంచో అక్కడే ఉంటున్నారు కదే. తోడు వెళ్తున్నాను" అన్నాను.

ఒకరోజు పొద్దున నేను ఇటుకల ముందు గొంతుక్కూర్చుని, బుగ్గలు నొప్పెట్టేలా నిప్పు ఊదుతున్నాను. ఈయన ఫోన్ పట్టుకుని వచ్చారు. ఒక మోకాలు నేలకానించి, ఒక కన్ను మూసి, ఫోటో తీయబోతున్నారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఈయన నాకు ఫోటో తీసిన పాపాన పోలేదు. గబగబా మొహం తుడుచుకుని, జుట్టు వెనక్కి నెట్టుకుని, కొంచెం నవ్వాను.

"ఒక్క రవ్వ పక్కకి జరుగు. ఫ్రేములోకి వస్తున్నావు" అన్నారు.

జరిగాను. అప్పుడే ఎందుకని అడగాల్సింది. నిప్పు ఆరిపోతోంది, అడగలేదు.

ముప్పై తొమ్మిదో రోజు కింది వాటా మెట్ల దగ్గర రేపటాయన కనిపించాడు, చేతిలో పానాతో.

"ఏమయ్యా, నీ రేపు ఇంకా రాలేదా?" అన్నాను.

అతని మొహం చిన్నబోయింది. "అలా అంటారేంటమ్మా? మూడో రోజే సామానంతా మోసుకుని మీ గుమ్మం దాకా వచ్చాను. సారే ఆపేశారు. పోటీ అయ్యేదాకా కుళాయి వద్దు, అమ్మగారు అడిగితే రేపని చెప్పమన్నారు. రోజూ మీకు అబద్ధం చెప్పలేక చస్తున్నాననుకోండి."

"పోటీ ఏమిటి?"

"మీకు తెలీదా?" అన్నాడు ఆశ్చర్యంగా.

ఆ ప్రశ్నకు పంతొమ్మిదేళ్ళుగా నాది ఒకటే జవాబు.

సాయంత్రం మా అమ్మాయి వాళ్ళ నాన్న ట్యాబులో బృందం వాళ్ళ గ్రూపు తెరిచి చూపించింది. సౌకర్యాలు లేకుండా ఎవరు ఎక్కువ రోజులు ఉంటారో వాళ్ళదే గెలుపు. సెలవు దొరకనివాళ్ళు ఇంట్లోనే, పెరట్లోనో బాల్కనీలోనో ఉండొచ్చు. ఆదివారం పదింటికి అడవి పెద్దాయన స్వయంగా వచ్చి చూస్తారు. చివర్లో ఒక షరతు: తప్పుడు లెక్క చెప్పినవాళ్ళు, చెప్పినన్ని రోజులూ అందరికీ తెలిసేలా చేసి చూపించాలి. లేదా బృందంలోంచి వెళ్ళిపోవాలి.

కింద మా ఆయన రాతలు. నా బాల్కనీ ఫోటోలు, ఏ ఒక్కదాంట్లోనూ నేను లేను. "ఈ రోజు గ్యాసు త్యజించాను." "ఈ రోజు పీట త్యజించాను." "వెలుతురు కూడా ఒక బంధనమే." ముప్పై రెండో రోజున ఇలా రాశారు: "నీళ్ళు మోసి మోసి భుజం వాచింది. అయినా ఆ నొప్పి తీయగా ఉంది."

ఆ భుజం నాది. ఆ రోజు మందు రాయమంటే, చేతులకు వాసనొస్తుందన్నారు.

"అమ్మా, ఏడుస్తున్నావా?"

"పొగ."

"ఇక్కడ పొగ లేదమ్మా" అంది మా అమ్మాయి, మెల్లగా.

ఇంత తెలిశాక పోట్లాడొచ్చు కదా అంటారేమో. పోట్లాడితే ఆయన సారీ అంటారు. అన్నాక నేను క్షమించాలి. ఇంటిపనుల్లో అదొకటి అదనం. అందుకని రేపటాయనకు ఫోన్ చేసి, "ఆదివారం తొమ్మిదిన్నరకి రా" అన్నాను.

"సారు చూస్తారేమోనమ్మా!"

"చూడరు. ఆ వేళకి అద్దం ముందు మసి పూసుకుంటూ ఉంటారు."

అన్నట్టే జరిగింది. ఆదివారం గుడారంలో గాలి పరుపు చప్పబడింది, ఫ్యాను బీరువాలోకి వెళ్ళింది. ఈయన చిరుగు బనీను వెతికి తొడుక్కుని, బొగ్గు ముక్కతో రెండు బుగ్గల మీదా సమంగా, తూకం వేసినట్టు మసి దిద్దుకుంటున్నారు. ఆ సందులో రేపటాయనను వంటింట్లోకి పంపి తలుపు దగ్గరగా వేశాను.

"ఇదిగో, మా ఆఫీసువాళ్ళు వస్తున్నారు. నువ్వు అమ్మాయిని తీసుకుని మీ అక్కయ్య ఇంటికి వెళ్ళిరారాదూ?" అన్నారు అద్దంలోంచే.

"వాళ్ళకి మంచినీళ్ళెవరిస్తారు?"

ఆలోచించారు. "ఇచ్చేసి వెళ్ళు."

పదింటికి అడవి పెద్దాయన వచ్చారు. చువ్వలా సన్నటి మనిషి. వెంట ఇద్దరు సభ్యులు. వాళ్ళలో ఒకరు మా ఆయనకు పై ఆఫీసరు. పెద్దాయన ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి, ఇటుకల ముందు గొంతుక్కూర్చుని, బూడిదలో వేలు పెట్టి చూశారు.

"నిప్పు ఎన్నింటికి రాజేస్తారు?"

"ఏడు... ఎనిమిది మధ్య" అన్నారు మా ఆయన.

"గాలి ఎటునుంచి వస్తుందిక్కడ?"

ఈయన నాలుగు దిక్కులూ చూసి, అయిదో దిక్కు కోసం జేబులో ఫోన్ తడుముకున్నారు.

"వాన పడితే ఏం చేస్తారు?"

"లోపలికి వెళ్ళిపో..." అని నాలిక కరుచుకున్నారు.

"ఏవీ, చేతులు చూపించండి."

చూపించారు. ఉతికి ఇస్త్రీ చేసిన జేబురుమాళ్ళలా ఉన్నాయి ఆ అరచేతులు.

సరిగ్గా అప్పుడే నేను గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. గ్లాసు అందుకోబోయిన పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. నా చేతులు చూశారు. కాలిన కణుపులు, నల్లబడ్డ గోళ్ళు, బకెట్టు తీగ కోసిన గాట్లు. మామూలుగా అయితే దాచుకునేదాన్ని. ఆ రోజు దాచుకోలేదు.

"రోజుకి ఎన్ని బకెట్లమ్మా?" అన్నారు.

"పధ్నాలుగండీ. ఎవరైనా వస్తే పదిహేడు. నిప్పు అయిదున్నరకి. గాలి తూర్పు నుంచి, పది దాటితే ఎదురు తిరుగుతుంది. వాన పడితే ఎడమ చేత్తో పట్టా ఎత్తి పట్టుకుని కుడి చేత్తో కలుపుతాను."

ఇంతలో వంటింట్లో జలపాతం దూకినట్టు చప్పుడైంది. "అమ్మగారూ, నీళ్ళొచ్చేశాయి!" అని అరుస్తూ తడిసిన చొక్కాతో రేపటాయన బాల్కనీలోకి పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన్ని చూసి నీళ్ళు నమిలాడు. "ఏమనుకోకండి సార్. పోటీ అయ్యేదాకా వద్దని మీరన్నారు కానీ... అమ్మగారు రమ్మన్నారు."

మా ఆయన మసి మొహంలో కళ్ళు మాత్రమే తెల్లగా నా వైపు తిరిగాయి.

"ఒక్క గంట ఆగలేకపోయావా?" అన్నారు పళ్ళ సందునుంచి.

"నలభై ఒక్క రోజులు ఆగానండీ. ఈ గంట దగ్గరకొచ్చేసరికి అయిపోయింది."

పెద్దాయన సంచీలోంచి ప్రశంసాపత్రం తీశారు. పేరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. "ఇన్నేళ్ళలో ఇంత నిజమైన క్యాంపింగ్ నేను చూడలేదు. మీ పేరు రాయనామ్మా?"

"వద్దండీ. క్యాంపింగంటే ఇష్టపడి వెళ్ళి, చాలనుకున్నప్పుడు ఇంటికొచ్చేది కదా? నేనెక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను."

ఆయన ఆ కాగితాన్ని మడిచి లోపల పెట్టేశారు. ఈసారి ఆయన చూపు మా ఆయన మీద నిలిచింది. "మన షరతు గుర్తుంది కదా? నలభై ఒక్క రోజులు. లేదా బృందంలోంచి వెళ్ళిపోవచ్చు."

పై ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. మా ఆయన కుక్కిన పేనయ్యారు. "చేస్తానండీ" అన్నారు.

"రోజూ చూసి మాకు చెప్పేదెవరు?"

"నేను ఇంట్లోనే ఉంటాను కదండీ" అన్నాను.

సోమవారం మొదటి బకెట్టులో సగం హాల్లోనే పోయింది. తుడుచుకోవడం కూడా క్యాంపింగులో భాగమేనని గుర్తుచేశాను. అన్నం ఒకవైపు పలుకు, ఒకవైపు మాడు. మంగళవారం భుజం పట్టుకుని గోడకు ఆనుకున్నారు.

"నొప్పి తీయగా ఉందాండీ?" అన్నాను.

మందు డబ్బా తీసి పక్కన పెట్టాను. రాయలేదు. చేతులకు వాసనొస్తుంది.

బుధవారం ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి సెలవు పెట్టారు. నేను కూరగాయలకని బయటకెళ్ళి పదకొండింటికి తిరిగొచ్చేసరికి బాల్కనీ గోడకు తళతళా మెరిసిపోతూ కొత్త కుళాయి. దాన్ని గుడ్డతో తుడుస్తూ రేపటాయన.

"సారు అర్జెంటన్నారమ్మా" అన్నాడు.

"ఎప్పుడన్నారు?"

"తొమ్మిదిన్నరకి."

గంటన్నర. నేను నలభై ఒక్క రోజులు ఎదురుచూసిన కుళాయి ఆయన దగ్గరికి గంటన్నరలో నడిచొచ్చింది. అసలు ఈ బాల్కనీలో ఒక కుళాయి పెట్టించండీ అని ఈ ఇంట్లో దిగిన రోజే అడిగాను. మా అమ్మాయి అప్పటికి పాకుతోంది.

"నీకు పనికొస్తుందనే పెట్టించానోయ్. బట్టలకీ వాటికీ..." అన్నారు మా ఆయన వెర్రి నవ్వు నవ్వుతూ.

"బాగుందండీ" అని ఫోన్ తీశాను.

ఆయన మొహం విప్పారింది. జుట్టు సవరించుకుని, కుళాయి మీద చెయ్యి వేసి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డారు.

"ఒక్క రవ్వ పక్కకి జరగండి. ఫ్రేములోకి వస్తున్నారు" అన్నాను.

జరిగారు. ఫోటో అడవి పెద్దాయనకు పంపాను. సాయంత్రానికల్లా గ్రూపులో జవాబు వచ్చింది: "కుళాయి ఉంటే క్యాంపింగ్ కాదు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి."

గురువారం పొద్దున ఈయన బకెట్టు పట్టుకుని స్నానాల గది నుంచి కొత్త కుళాయి పక్కగా, దానివైపు చూడకుండా వచ్చారు. ఇరవై రెండు అడుగులు.

"పోనీ దాన్ని పీకించేయమంటావా?" అన్నారు రొప్పుతూ.

"ఎందుకండీ?" అన్నాను, కుళాయి తిప్పి బట్టలు నానబెడుతూ. "బాగానే పనికొస్తోంది."