తెరచాపకు పెట్టిన మడత

ఆయన ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఏళ్ల తరబడి ఆ ఊళ్ళో ఎవరింట గాలి ఆగిపోయినా కబురు ఆయనకే వచ్చేది. అలాంటి మనిషికి గాలి గురించి తనకు తెలియనిది లేదన్న నమ్మకం కలగడంలో వింతేమీ లేదు. ఆ నమ్మకాన్ని దుకాణంలో పెట్టి తాళం వేయకుండా సముద్రం దాకా మోసుకుపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

యాభై దాటాక ఆయన మనసు విండ్‌సర్ఫింగ్ మీద పడింది. తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి, గాలిని చేతులతో పట్టుకుని నీళ్ళ మీద సాగిపోవడమన్నమాట. ఒడ్డున ఉన్న క్లబ్బులో చేరి, ఒకరోజు తెల్లవారుతుండగా బయల్దేరాడు. అలల్లేవు, గాలి వీపుకు మెత్తగా తగులుతోంది. ఆ మెత్తదనానికే మోసపోయాడు. పొద్దున వీచేది నేల గాలి. అది మనిషిని సముద్రంలోకి సాగనంపుతుందే గానీ వెనక్కి తెచ్చి దించదు. చేపల పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అంతసేపూ భార్య ఒడ్డున నిలబడే ఉంది. ఆయన దిగాక పల్లెత్తు మాట అనలేదు. అప్పుడు వేసింది ఆయనకు అసలు భయం.

ఇంటికి చేరాక ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఇంక ఆ బోర్డు ఎక్కనని చెప్పండి."

చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. కాకపోతే ఆ మనస్ఫూర్తి నెల తిరక్కుండానే నీరుగారిపోయింది.

మాట తప్పకుండా బోర్డెక్కే ఉపాయం కోసం ఆయన ఒడ్డున కూర్చుని గాలిని చదవడం మొదలుపెట్టాడు. ఎండెక్కేకొద్దీ నేల గాలి సద్దుమణుగుతుంది. మధ్యాహ్నానికి ఇసుక కాలి, సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకు మళ్ళుతుంది. ఊరికి ఒక పక్క కొండ ఉంది కనుక అది నేరుగా రాక ఏటవాలుగా వీస్తుంది. కొండ మొన దగ్గర మాత్రం ఉన్నట్టుండి విసురుగా కొడుతుంది. ఇదంతా చూసి ఆయనొక నిర్ణయానికొచ్చాడు. మధ్యాహ్నపు గాలి తన భార్య పక్షం. ఎటు పోయినా ఇంటివైపే తోస్తుంది. ఆవిడకు కావలసింది మొగుడు తిరిగి రావడమే కనుక, ఈ గాలిలో వెళ్తే మాట తప్పినట్టు కాదు. అయితే ఆ సంగతి ఆవిడకు చెప్పేంత ధైర్యం ఆయన తర్కానికి లేదు. ఆసుపత్రిలో ఫ్యాన్లు పాడయ్యాయని చెప్పి వెళ్ళేవాడు.

"ఇవాళ కూడా ఆసుపత్రేనా?" అని ఆవిడ అడిగేది.

"ఏం చెయ్యను, పాత ఫ్యాన్లు."

"జుట్టు తడిసింది."

"ఫ్యాన్లు తిరగట్లేదు కదా, చెమట."

ఆవిడ తువ్వాలు అందించి కుట్టుమిషన్ ముందు కూర్చునేది. పరదాల దుకాణానికి కుట్టిపెట్టడం ఆవిడ పని. ఇల్లంతా ఎప్పుడూ గుడ్డే. ఆ గుడ్డల మధ్య దారి చేసుకుని నడవడమే తప్ప, అవేమిటని ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఒకసారి తెరచాప చిరిగింది. తన దుకాణంలో ఫ్యాను మోటారులోని తీగ చుట్లకు కట్టే తెల్ల నాడాతో అతుకు వేశాడు. అది నిలవలేదు. క్లబ్బు కాపలాదారు దాన్ని తీసుకుపోయి ఎక్కడో కుట్టించుకొచ్చాడు. కుట్టినవాళ్ళు, నెలకోసారి పంపితే కుట్లు చూసిపెడతామన్నారట. ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారని ఆయన మురిసిపోయి, తప్పకుండా పంపేవాడు.

అప్పటినుంచీ బోర్డు నెమ్మదించింది. నెలనెలకూ ఇంకా నెమ్మదించింది. కొండ మీద చెట్లు పెరిగాయనుకున్నాడు. ఒడ్డున లేచిన మేడలు అడ్డుకున్నాయనుకున్నాడు. చివరికి ఈ తీరంలో గాలే పలచబడిపోతోందని తేల్చి, క్లబ్బులో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఫ్యాన్లాయన గాలి గురించి చెబుతుంటే కాదనేవాళ్ళెవరు? కొత్తవాళ్ళ పందేనికి ఏ రోజు, ఏ వేళ మంచిదో చూసి పెట్టమని ఆయన్నే అడిగారు. ఆయన పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గాలి పలచగా ఉంటుంది, పెద్ద తెరచాపలు కట్టుకోండని సలహా కూడా ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం గాలి తన మామూలు బలంతోనే వచ్చింది. పెద్ద తెరచాపలు దాన్ని కడుపునిండా పట్టుకుని, కొత్తవాళ్ళందరినీ ఏటవాలుగా కొండ మొనవైపు ఈడ్చుకుపోయాయి. ఆయన ఒక్కడే వెనక నత్తనడక నడుస్తూ, ఎవరినీ అందుకోలేక, పేరుపేరునా పిలుస్తూ ఉండిపోయాడు. క్లబ్బు పడవ తిరిగి తిరిగి అందరినీ తెచ్చింది. ఆఖరున ఒక పంతులమ్మను తెచ్చింది. రాయి కోసుకుని ఆవిడ మోచెయ్యి రక్తమోడుతోంది.

"గాలి పలచబడిందన్నారు కదండీ," అందావిడ మెల్లగా. కోపంగా అనుంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

కాపలాదారు తడి తెరచాపలన్నీ పక్కపక్కన ఆరేశాడు. ఆయనది వాటికంటే చిన్నదే, కానీ కొన్ననాటి కొలతకూ మూరెడు తక్కువగా ఉంది. అంచు మడిచి, దానిమీద మళ్ళీ మళ్ళీ మడిచి, కంటికి ఆనని సన్న కుట్టు. ఎవరు కుట్టారని అడిగితే, పరదాల దుకాణంలో ఇస్తానన్నాడు కాపలాదారు. దుకాణంవాళ్ళను అడిగితే, మీ ఇంట్లోనే కదండీ కుట్టేది అన్నారు.

తెరచాప చుట్టి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా కోపం కూడగట్టుకున్నాడు. గుమ్మంలో ఆయన్నీ, భుజాన ఉన్నదాన్నీ చూసి ఆవిడ మిషన్ ఆపింది.

"ఆ నాడా చూడగానే తెలిసింది," అంది. "అంత వంకరగా అతుకు వేసేది మీరొక్కరే."

"నాలుగు మడతలు పెట్టావు. ఎందుకు?"

"గాలి తగ్గించమని నేనెవర్నడగను? గుడ్డయితే నా చేతిలో ఉంది. కోపం వస్తే ఒక మడత, భయం వేస్తే ఒక మడత. మీరు దూరం పోకుండా ఉంటే చాలనుకున్నాను."

ఆయన పందెం సంగతి చెప్పాడు. పంతులమ్మ మోచెయ్యి దాకా వచ్చేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది.

"మీ మాట ఇంకొకళ్ళు నమ్ముతారని నాకు తట్టలేదు," అంది. ఎగతాళికి అన్నది కాదది. నిజంగానే తట్టలేదు, అందుకే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

కూడగట్టుకున్న కోపం ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియలేదు. ఇద్దరూ వెళ్ళి పంతులమ్మను చూసొచ్చారు. జరిగింది దాచకుండా చెప్పారు. ఆవిడ విని, నవ్వాలో తిట్టాలో తెలియక, ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

ఇంటికొచ్చాక భార్య చిన్న కత్తెర తీసుకుని తెరచాప మడతలు ఒక్కొక్కటే విప్పసాగింది. ఆయన ఎదురుగా కూర్చుని అంచు పట్టుకున్నాడు.

"విప్పకు. నేనింక వెళ్ళను, మానేస్తాను," అన్నాడు.

ఆవిడ తల ఎత్తలేదు. "మానేస్తానని ఇదివరకు చెప్పి వెళ్ళారు. ఈసారి వెళ్తానని చెప్పి వెళ్ళండి. నేనూ వచ్చి ఒడ్డున కూర్చుంటాను."

ఆయన గుడ్డ ముడత పడకుండా రెండు చేతులా లాగి పట్టుకున్నాడు.