పాతర బండ మీద కుందేలు

ఆ రోజుకు అవినాష్ సెలవు ఒక్కటే పెట్టాడు, పనులు మాత్రం రెండు పెట్టుకున్నాడు. ఉదయం పదకొండింటికి కోయిలకుంట్లలోని సొంతింట్లో నాయన సంవత్సరీకం. సాయంత్రం అయిదింటికి నంద్యాలలో కుందేలుకు ఆపరేషన్. రెండింటికల్లా భోజనాలు ముగించి, మూడున్నరకు కారు తీస్తే సరిపోతుందనుకున్నాడు. ఒకే రోజున తండ్రికి పిండం పెట్టి, కుందేలుకు కత్తి పెట్టించడం ఏ పంచాంగంలోనూ లేదు గానీ, ఆఫీసులో సెలవులు అయిపోవచ్చిన మనిషికి ముహూర్తాలు ఎంచుకునే యోగం ఉండదు.

కుందేలు పేరు ముత్యం. అవినాష్ భార్య సుప్రజకు స్కూల్లో తోటి టీచరు ఇచ్చింది. తెచ్చిన కొత్తలో పేరుకు తగ్గట్టే ఉండేది. రెండు నెలల కిందట దానికి వయసొచ్చింది. అప్పటి నుంచి గడప దగ్గర విడిచిన సుప్రజ చెప్పుల చుట్టూ గుర్రుమంటూ ప్రదక్షిణలు చేయడం, గోడలన్నీ తడపడం మొదలుపెట్టింది. నంద్యాల డాక్టరు యేసుప్రసాద్ చూసి, "మగది కదమ్మా, చిన్న ఆపరేషన్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు.

అవినాష్ పదిహేను రోజులు ఊగిసలాడాడు. "అదీ ఒగ ప్రాణమే గదా. దాని ఇష్టం అడగకుండా మనం ఎట్ల చేపిస్తాం?" అన్నాడు.

"నిన్ననే అడిగినా. పదో తరగతి పరీక్ష పేపర్ల మీద జవాబు పోసింది" అంది సుప్రజ. దాంతో నిర్ణయం జరిగిపోయింది.

ఇక్కడ అవినాష్ ఒక పొరపాటు చేశాడు. ఆపరేషన్ అంటే కడుపు ఖాళీగా ఉండాలని, ముందు రోజు రాత్రి నుంచి ముత్యానికి గడ్డిపోచ కూడా వేయలేదు. డాక్టరును అడగనూ లేదు, ఇంట్లో చెప్పనూ లేదు. ఉదయమే దాన్ని వెదురుబుట్టలో పెట్టి, మూత కట్టి, పెరటి వరండాలో ఒక మూలకు తోసి మడి కట్టుకున్నాడు.

అతని తల్లి కృష్ణవేణమ్మ ఆ ఏడాదంతా మాట్లాడిన మాటలు లెక్కపెడితే ఒక పేజీకి రావు. భర్త ఓబుళరెడ్డి పోయిన రోజు నుంచి ఆమె నడిమింట్లో ఆయన పడక్కుర్చీకి ఎదురుగా కూర్చుంటుంది. పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఆ కుర్చీ ఉన్నచోట నేలకు పరిచిన నల్ల బండ కింద, తాతల కాలంలో జొన్నలు దాచిన పాతర ఉంది. గింజలు పోయి గుంత మిగిలింది. ఆ బండ మీద ఏం తగిలినా ఇల్లంతా కింద నుంచి మోగుతుంది. ఓబుళరెడ్డి రోజూ మూడింటికి చేతికర్రతో దాని మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. కాఫీ కావాలని నోరు తెరిచి అడిగే అలవాటు ఆయనకు లేదు. ఏడాదిగా ఆ బండ మోగలేదు. అమ్మ ఇలాగే ఎండిపోయి ఒక రోజు నాయన వెనకాలే వెళ్లిపోతుందేమోనని అవినాష్‌కు లోలోపల భయంగా ఉండేది.

పెరట్లో అలికిన చోట ఆకు వేసి, కాకికి పెట్టారు. అన్నం ముద్ద, వడలు, పాయసం, అరటిపండు. చివరగా కృష్ణవేణమ్మ తన చేత్తో రెండు తమలపాకులు, ఒక వక్క పెట్టింది. అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు.

కాకి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. రోజూ పెరటి తీగ మీద వరసగా కూర్చునేవి ఆ పూట ఊరు ఖాళీ చేసినట్టు పోయాయి. పన్నెండయింది, పన్నెండున్నర అయింది. గాలి కూడా ఆగిపోయింది. అయ్యవారు వెంకటేశ్వర్లు మెడ ఎత్తి ఎత్తి చూసి, "మీ నాయనకు తీరని కోరిక ఏమన్నా ఉండాదేమోప్పా" అన్నాడు. కృష్ణవేణమ్మ ముఖం చూసి, ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాలిక కరుచుకున్నాడు.

అప్పుడు వరండా మూలలో గరగరమని చప్పుడైంది. వెదురు కొరికిన చప్పుడు. బుట్ట పక్క నుంచి తెల్లగా ఒక తల బయటికి వచ్చింది. ముత్యం ఎవరినీ చూడకుండా, ఎవరో పిలిచినట్టు తిన్నగా ఆకు దగ్గరికి వెళ్లింది. అవినాష్ కదలబోతే కృష్ణవేణమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ముత్యం అరటిపండు తింది. తమలపాకులు రెండూ తింది. వక్కను మాత్రం ముక్కుతో మెల్లగా నెట్టి, ఆకు అంచున పెట్టింది.

పళ్లు ఊడిన చివరి అయిదేళ్లూ ఓబుళరెడ్డి తమలపాకు నమిలి, వక్కను అట్లాగే పక్కన పెట్టేవాడు.

"వచ్చినాడు" అంది కృష్ణవేణమ్మ.

కుందేలు వెనక్కి తిరిగి, గడప దాటి, నడిమింట్లోకి పోయి, పడక్కుర్చీ పక్కన నల్ల బండ మీద కూర్చుంది. ఎర్రటి కళ్లతో దండ వేసిన ఫొటో వైపు చూసింది. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. అయినా సాంబ్రాణి పొగ కుర్చీ వైపే వంగి పోతోంది.

"అమ్మా, అది రాత్రి నుంచి ఏమీ తిన్లే. ఆకలికి..." అని అవినాష్ మొదలుపెట్టాడు.

"మీ నాయన ఏడాది నుంచి తిన్లే" అంది కృష్ణవేణమ్మ. ఆ తర్వాత ఏడాదిలో మొదటిసారి ఎవరూ అడగకుండానే విస్తరి ముందు కూర్చుని, రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.

సుప్రజ అతణ్ని వంటింట్లోకి లాగింది. "అయిదింటికి డాక్టరు ఎదురు చూస్తాంటాడు. ఏం చేద్దాం?"

"నాయనకు ఆపరేషన్ చేపించమంటావా?"

"అది మీ నాయన కాదు, ముత్యం!"

"ఆ మాట నువ్వే పోయి మా అమ్మకు చెప్పు" అన్నాడు. సుప్రజ తొంగిచూసింది. అత్త కుందేలుకు విసనకర్రతో విసురుతూ, ఏడాది కబుర్లన్నీ చెప్పుకుంటూ నవ్వుతోంది. సుప్రజ తల వెనక్కి తీసుకుంది.

వార్త వీధంతా పాకింది. భోజనానికి పిలిచినవాళ్లు, పిలవనివాళ్లు కూడా వచ్చి నడిమింట్లో గోడ వెంట నిలబడ్డారు. ఇంతమందిని చూసి ముత్యం చెవులు నిక్కబొడుచుకుంది. సరిగ్గా గడియారం మూడు కొట్టగానే వెనక కాలెత్తి బండను తన్నింది. ఒకటి. రెండు. మూడు. పాతరలో నుంచి ఆ మోత లేచి, అందరి అరికాళ్లలో నుంచి పైకి పాకింది. ఇద్దరు ఆడవాళ్లు దండం పెట్టారు. కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచి, కాఫీ కలిపి తెచ్చి కుందేలు ముందు పెట్టింది.

బెదిరిన కుందేలు నేలను తన్నుతుందని డాక్టరు చెప్పిన సంగతి అవినాష్‌కు గుర్తుంది. అయినా అతని ఒళ్లు గగుర్పొడిచింది.

ఇంతలో పక్క చేను దాసన్న ముందుకొచ్చి, బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఓబుళరెడ్డికీ అతనికీ పొలం గట్టు మీద ఇరవై ఏళ్ల తగాదా. "రెడ్డీ, పైలోకం సూసొచ్చినోనివి, అబద్ధం చెప్పవు. ఆ గట్టు నాదైతే ఒగసారి తన్ను" అన్నాడు.

కుందేలు ఒకసారి తన్నింది.

"విన్నారు గదా అందరూ!" అని దాసన్న లేచాడు. "అదేంది దాసన్నా, దానికేం తెల్సు..." అని అవినాష్ అడ్డుపడబోతే, "నాయన మాటకు ఎదురు చెప్తావా?" అని కృష్ణవేణమ్మ గద్దించింది. మూడున్నర అయింది. నాయన ఒకవేళ నిజంగానే వచ్చి ఉంటే, రాగానే రెండు సాళ్ల పొలం పోగొట్టాడు. సుప్రజ ఆసుపత్రికి ఫోను చేసి, ఆపరేషన్ వద్దని చెప్పడానికి నంబరు నొక్కుతోంది.

అప్పుడు వచ్చింది నాగలత. బజారు వీధిలో పిండిమర ఆమెదే. యాభై అయిదు దాటిన మనిషి. మర కట్టేసి వచ్చేసరికి ఆలస్యమైంది. చీర అంచుకు ఎప్పటిలాగే జొన్నపిండి. ఆమె గడప లోపల కాలు పెట్టగానే కుందేలు తల తిప్పింది. కాఫీని వదిలి, కృష్ణవేణమ్మను దాటి, గుంపు మధ్యలో నుంచి వెళ్లి నాగలత పాదాల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గుర్రుమని సన్నగా పాడుతూ ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. ఆపైన ముందు కాళ్లు రెండూ ఆమె పాదం మీద పెట్టి, పైకి చూసింది.

విషయం ఏమిటో వీధిలోనే విని వచ్చిన నాగలత ముఖం పిండి కంటే తెల్లగా మారింది. కాలు మెల్లగా వెనక్కి లాక్కుంటూ, గొంతు తగ్గించి అంది:

"ఈడ వద్దప్పా... అందరూ సూస్తాండారు."

అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. వచ్చినదారినే వెళ్లిపోయింది. భోజనం కూడా చేయలేదు.

కృష్ణవేణమ్మ కదలకుండా నిలబడింది. మంచినీళ్లయినా తనంతట తాను ముంచుకోని ఓబుళరెడ్డి, ముప్పై ఏళ్లు ప్రతి గురువారం జొన్నల మూట భుజాన వేసుకుని మరకు పోయేవాడు. నా మొగుడు నన్ను బరువు మోయనీడని ఆమె వీధిలో గొప్పగా చెప్పుకుంది కూడా. ఆ గురువారాలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. ఎంత అవమానంగా ఉందో, అంత కోపంగానూ ఉంది. ఏడాదిగా ఆయన కోసం ఎండబెట్టుకున్న కడుపును తలుచుకుంటే, ఆమెకు తన మీదే జాలేసింది.

"అవినాషూ, కారు తియ్యి" అంది.

"యాడికమ్మా?"

"నంద్యాలకు. అయిదింటికన్నావు గదా. ఆలిస్యమైతే డాక్టరు ఎల్లిపోతాడు." కుందేలును తనే ఎత్తి ఇంకో బుట్టలో వేసి, మూతను తాడుతో మూడు ముళ్లు వేసి కట్టింది. గడప దాటుతూ ఆగి, "దాసన్నా, ఆ గట్టు మాట నమ్మొద్దు. ఈయప్ప నోట నిజం యాడ వస్తాది" అంది.

ఆసుపత్రిలో యేసుప్రసాద్ కుందేలును చూసి, "పస్తు పెట్టారా ఏంటి? కుందేళ్లను ఆపరేషన్‌కు ముందు పస్తు పెట్టకూడదు, ప్రాణానికే ముప్పు" అన్నాడు. అవినాష్ గోడ వైపు చూశాడు.

"తిన్నాది సార్, మధ్యాన్నం పిండం తిన్నాది" అంది కృష్ణవేణమ్మ. "నొప్పి శానా ఉంటాదా?"

"మత్తు ఇస్తాం కదమ్మా. ఏమీ తెలీదు."

ఆమె బుట్ట వైపు చూసింది. "మత్తు లేకుండా చెయ్యరా సార్?"

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మరునాడు మధ్యాహ్నానికి ముత్యాన్ని ఇంటికి తెచ్చి, తువ్వాల చుట్టి, సుప్రజ ఒడిలో పెట్టుకుంది. అది కొత్తిమీర నములుతూ కళ్లు మూసుకుంది. కృష్ణవేణమ్మ గడప దగ్గర కూర్చుని చుక్కకూర ఒలుస్తూ, ఫొటోతో పొద్దున మొదలుపెట్టిన తగవును ఇంకా పూర్తి చేయలేదు. పెళ్లినాటి సంగతుల నుంచి ఎత్తుకుంది. అమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంటే సిగ్గుపడాల్సిన అవినాష్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఈ మనిషి ఇక ఎవరి వెనకా పోదని అతనికి నమ్మకం కుదిరింది.

గడియారం మూడు కొట్టింది.

నల్ల బండ మోగింది. ఒకటి. రెండు. మూడు.

సుప్రజ ఒడిలోకి చూసుకుంది. కుందేలు నిద్రపోతోంది. అవినాష్ కుర్చీ వైపు చూశాడు. దాని చుట్టుపక్కల ఎవరూ లేరు. కుర్చీ గుడ్డ మాత్రం సన్నగా ఊగుతోంది.

కృష్ణవేణమ్మ తల ఎత్తనైనా లేదు. చుక్కకూర కాడ ఒకటి పుటుక్కున తుంచి పక్కన పారేసింది.

"ఇంగ ఎంత కొట్టుకున్నా కాఫీ లేదు, పో" అంది.

ఆపై గురువారం నుంచి ఆ ఇంటికి జొన్నపిండి ప్యాకెట్లలో వస్తోంది.