పట్టపగలు మూసిన తెర

శనివారం ఉదయం మురియల్ పథకం చాలా తేలిక. ముందురోజు చేసి ఉంచిన కేకుకు పదింటికల్లా వెన్న, చక్కెర గిలకొట్టి చేసే బటర్‌క్రీమ్ పూయాలి, పదకొండింటికల్లా నెదర్‌కోంబ్ ఊరి హాల్లో పోటీ బల్ల మీద పెట్టాలి. క్రీమ్‌తో సహా అంతా ఇంట్లో చేసిందే కావాలి. కొన్నదని తేలితే కేకు బల్ల దిగుతుంది. పక్కింటి ఎనిడ్ రెండేళ్లుగా మొదటి బహుమతి కొడుతోంది. వరసగా మూడోసారి కూడా కొడితే వెండికప్పు శాశ్వతంగా ఆమెదే. ఆ తర్వాత మురియల్ గెలవడానికి కప్పే ఉండదు.

మెత్తబడాలని నిన్న సాయంత్రమే బల్ల మీద పెట్టిన వెన్న, పొద్దున చూస్తే ఫ్రిజ్‌లో రాయిలా ఉంది.

భర్త క్లైవ్ మీద ఆమెకు అనుమానం రాలేదు. ముప్పయ్యేళ్ల కాపురంలో అతడు ఏ వస్తువునూ తిరిగి ఫ్రిజ్‌లో పెట్టిన పాపాన పోలేదు. మరి నిన్న చీకటి పడే వేళ, అడిగి తీసుకెళ్లిన కేకు గిన్నె తిరిగిచ్చే వంకతో ఈ వంటింట్లోకి వచ్చిందెవరు? ఎనిడ్!

మురియల్ వెన్నను మైక్రోవేవ్‌లో పెట్టింది. నూనె అయింది. పొడి చక్కెర పోసి గిలకొట్టింది. గంజి అయింది. ఇంట్లో ఇంకో ముక్క వెన్న లేదు. పోటీ రోజున ఊళ్లో ఉన్న ఒక్క దుకాణమూ తెరవరు.

"క్లైవ్! వెళ్లి కంచె మీంచి చూడు. ఆవిడేం చేస్తోందో కనుక్కో."

"ఏం చేస్తుంది? కేకు చేస్తుంది."

"ఎలా చేస్తోందో చూడమంటున్నా!"

క్లైవ్ కంచె మొక్కల మీంచి తల ఎత్తగానే కిటికీలోంచి ఎనిడ్ చూసింది. "ఏమైనా కావాలా క్లైవ్ గారూ?"

ఏమీ వద్దంటే మర్యాదగా ఉండదు. "నిచ్చెన," అన్నాడతడు, నోటికొచ్చింది.

ఐదు నిమిషాల్లో నిచ్చెన మోసుకొచ్చాడు.

"ఇదేంటి?"

"అడగ్గానే ఇచ్చింది పాపం. మంచావిడ."

అదే క్షణంలో ఎనిడ్ వంటింటి కిటికీకి తెర పడింది.

"చూశావా! ఎండ కోసం ఏడాదంతా ఏడ్చే ఊళ్లో, జూన్ నెలలో, పట్టపగలు తెర వేసేదెవరు? నిచ్చెన వెయ్యి."

"దేనికి?"

"కంచెకి."

"అవి మొక్కలు మురియల్, గోడ కాదు."

"వెయ్యమన్నానా!"

పై మెట్టు మీద నిలబడి, తెర పైనున్న సందులోంచి మురియల్ చూసింది. ఎనిడ్ చేతిలో డబ్బా. దుకాణంలో అమ్మే బటర్‌క్రీమ్ డబ్బా!

"డబ్బా, క్లైవ్! కొనుక్కొచ్చిన డబ్బా!"

ఆ ఉత్సాహానికి కంచె తట్టుకోలేకపోయింది. నిచ్చెన మెల్లగా, ఎంతో మర్యాదగా, ఎనిడ్ పెరట్లోకి ఒరిగింది. మురియల్ నడుము దాకా మొక్కల్లో ఇరుక్కుంది.

ఎనిడ్ గరిటెతో బయటికొచ్చి ఒక్క క్షణం చూసింది. "టీ తాగుతారా మురియల్ గారూ?"

"తాగుతానండీ. పాలు కొంచెం ఎక్కువ."

ఎనిడ్ వంటింట్లో, జుట్టు నిండా ఆకులతో, మురియల్ విచారణ మొదలుపెట్టింది. "నా వెన్న ఫ్రిజ్‌లో పెట్టింది మీరేగా?"

వెనకే వచ్చిన క్లైవ్ దగ్గాడు. "అది... నేనే. వేడికి పాడవుతుందని."

"ముప్పయ్యేళ్లకి నిన్ననే గుర్తొచ్చిందా నీకు?" మురియల్ డబ్బా కేసి తిరిగింది. "మరి దీని సంగతేంటి?"

ఎనిడ్ కుర్చీలో కూలబడింది. "రెండేళ్లుగా ఇదే. మణికట్టు నొప్పి, గిలకొట్టలేను. వెళ్లి చెప్పేసుకోండి."

మురియల్ విజయగర్వంతో లేచింది. గుమ్మం దగ్గర గడియారం చూసి ఆగింది. పదిన్నర. ఎనిడ్ పేరు కొట్టేస్తారు, నిజమే. కానీ తన కేకు ఇంకా బోడిగానే ఉంది. కప్పు మూడో మనిషి ఎగరేసుకుపోతుంది.

"డబ్బాలో ఎంత మిగిలింది?"

ఎనిడ్ ఆమెను అనుమానంగా చూసింది. "సగం."

"గరిటె ఇటివ్వు."

పన్నెండింటికి న్యాయనిర్ణేత రెండు కేకులూ రుచి చూసి కళ్లు మూసుకుంది. "చేత్తో గిలకొట్టిన అసలైన వెన్న! డబ్బా క్రీమ్‌కి ఈ రుచి ఎక్కణ్నుంచి వస్తుంది?"

మొదటి బహుమతి మురియల్‌కు, రెండోది ఎనిడ్‌కు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎనిడే. కప్పు అందుకుని దిగిన మురియల్‌ను కావలించుకుని చెవిలో అంది: "వచ్చే ఏడు నాది. తెలుసుగా?"

ఇప్పుడు నెదర్‌కోంబ్ అంతా వాళ్ల స్నేహం గురించే చెప్పుకుంటుంది. ఊళ్లో ఎవరితోనైనా ఒకరు మాట్లాడుతుంటే, రెండోవాళ్లు పక్కన ఉండాల్సిందే.