గాలి మిషన్ పక్కన మంచం

“మన పట్నంలో గాలి చెడి సచ్చినోడు ఒక్కడూ లేడు! ఇది నా మాట గాదు, రిపోర్టు మాట!” అని ఎమ్మెల్యే తిరుమలయ్య చిత్తూరులో పత్రికలవాళ్లను పిలిచి ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఆ రిపోర్టు రాసిన గాలి లెక్కల ఆఫీసరు భానుచందర్ వెనక వరసలో నిలబడి వినయంగా తల వంచుకున్నాడు.

మహత్తరమైన పరిశోధన మరి. రాతి క్రషర్లు వచ్చాక ఊళ్లో చావులు రెట్టింపయ్యాయి. భానుచందర్ ఒక్కొక్క చావునూ పరిశీలించి, అందరూ ఊపిరి ఆగిపోవడం వల్లే పోయారనీ, అందులో గాలి ప్రమేయమేమీ లేదనీ తేల్చాడు. గాలిలో దుమ్మును కొలిచే మిషన్ క్రషర్ల దగ్గరున్నంత కాలం మూడొందలు చూపించేది. పాపం, దానికీ దుమ్ము పడదు. దాన్ని సర్కారు గెస్టుహౌసు తోటలోకి మార్పించి, చుట్టూ పూటకు రెండు ట్యాంకర్ల నీళ్లు చల్లించాడు. అంకె నలభైకి దిగింది. ఊరు బాగుపడింది.

బాగుపడనిది భానుచందర్ నాయన కుప్పయ్య దగ్గు ఒక్కటే. ఇల్లు క్రషర్ల పక్క వీధిలో. “మంచి గాలి ఉన్న చోటికి మార్చకపోతే నెల గడవడం కూడా కష్టం” అన్నాడు డాక్టరు. ఊరంతా మంచి గాలేనని రాసిన చేత్తోనే భానుచందర్ నాయన మంచాన్ని ఆటోకెత్తి, తిన్నగా తెచ్చి మిషన్ పక్కన వేశాడు. ఇంత తెలివైన ఆఫీసరు జిల్లాలో ఇంకొకడు ఉండడని తనకే అనిపించి సిగ్గేసింది.

మూడో రోజు కుప్పయ్య దగ్గకుండా ఓ కునుకు తీశాడు.

“ఈడ బాగుండాదిరా. మనింటికాడ ఎందుకు లేదు?”

“ఆడా బాగుండాది నాయనా. రిపోర్టులో ఉండాది.”

“అట్లయితే మంచం ఆ రిపోర్టులోనే ఎయ్యకపోయినావా?”

అంతలో ఎమ్మెల్యే కారు వచ్చి ఆగింది. మిషన్‌తో ఫొటో దిగడానికి వచ్చారు. భానుచందర్ మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. ఉద్యోగం పోతే పోయింది, నాయనను మళ్లీ ఆ దుమ్ములోకి మోసుకుపోవాలే!

“ఎవురప్పా ఈ పెద్దాయన?”

“మా నాయన సార్. ఇంటికాడ ఊపిరాడక...”

తిరుమలయ్య ఫొటోలవాళ్లను గేటు బయటికి పంపించారు. మంచాన్ని చూశారు, మిషన్‌ను చూశారు, మళ్లీ మంచాన్ని చూశారు. భానుచందర్ భుజమ్మీద చెయ్యి వేసి గొంతు తగ్గించారు.

“ఈ పక్క ఇంగో మంచం పడతాదా? మాయమ్మకు రెండేండ్లుగా ఆయాసం.”

భానుచందర్ అడుగులేసి కొలిచాడు.

“పడతాది సార్. మిషన్‌ను రోంత అవతలికి జరపాల.”