కుడి వరస మీద నా జాలి

జబ్బు పడని టమాటా మొక్క మొగుళ్ల పాలిట వరం. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను!

మా ఆవిడ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆకుమాడు తెగులును తట్టుకునే ఒక అడవి మొక్క నుంచి జన్యువు తీసి టమాటాలో పెట్టింది. మూడేళ్లుగా అదే లోకం. పొద్దున ఆ ఆకులు తిప్పి చూస్తుంది, సాయంత్రం మళ్లీ తిప్పి చూస్తుంది.

దీనివల్ల నాకెంత మేలు జరిగిందో తెలుసా? ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలిసింది. చొక్కాకు గుండీ కుట్టుకోవడం వచ్చింది. వారం రోజులు దగ్గినా ఏమిటని అడిగే నాథుడు లేకపోవడంతో, ఓర్పు అనే గొప్ప గుణం కూడా అలవడింది. ఏ డాక్టరు చేయగలడు ఇంతటి వైద్యం?

ఆ మధ్య ఆ మొక్కల మీద ఆఖరి పరీక్ష మొదలైంది. ఒక ఆదివారం ల్యాబ్ గ్రీన్‌హౌస్‌లో నీళ్లు పోసే మనిషి సెలవు పెడితే, ఆ పని నా మీద పడింది.

"నీళ్లు పోసి వచ్చేయండి. ఇంకేమీ చేయొద్దు" అంది ఆవిడ.

ఎడమ వరసలో కొత్త జన్యువు ఉన్న మొక్కలు, కుడి వరసలో మామూలువి. రెండింటికీ కావాలనే తెగులు అంటించారట. ఎడమవి నవనవలాడుతున్నాయి. కుడివాటి ఆకుల మీద అప్పుడే గోధుమరంగు మచ్చలు. వాటి వంక చూసే దిక్కు లేదు. నా ప్రాణం ఉసూరుమంది. సాటి రోగిని కదా! పురుగుమందుల షాపుకు వెళ్లి, తెగులు మందు తెచ్చి, కుడి వరస మొత్తానికీ శుభ్రంగా కొట్టాను.

పది రోజులకు రెండు వరసలూ పచ్చగా కళకళలాడాయి.

"ఏమండీ, కుడి వరస ఎందుకు చావలేదు?" అంది ఆవిడ, చాలా మెల్లగా.

"మందు కొట్టాను. పాపం, అవి మాత్రం ఎందుకు చావాలి?"

"అవి చస్తేనే కదండీ, ఇవి సొంతంగా బతికాయని నేను చెప్పగలిగేది. ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు?"

పరీక్ష మళ్లీ విత్తనం దగ్గర నుంచి మొదలు. ఇంకో ఆరు నెలలు.

ఆవిడ నోట్సు తీసి రాసుకుంది: "ప్రయోగం చెడింది. కారణం: భర్త."

మూడేళ్ల నోట్సులో నా ప్రస్తావన రావడం అదే మొదటిసారి. దాచడమెందుకు, మనసు నిండిపోయింది! ఇంతకాలం నాకు కావలసింది అదే.

తర్వాత దగ్గరికెళ్లి చూస్తే 'భర్త' అన్న మాట మీద సిరా అలుక్కుపోయి ఉంది. చెమట పడిందని ఆవిడ అంటోంది. నా దగ్గు సంగతి ఎత్తి ఆవిణ్ణి దెప్పలేదు నేను.